ఎండను లెక్కగట్టిన చరిత్ర

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లిలో ఏటా రెండు మార్లు, మార్చి రెండో వారం మొదట్లోనూ అక్టోబరు తొలి రోజుల్లోనూ, తెల్లవారగానే సూర్యకిరణాలు గాలిగోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి సాగి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఏడో శతాబ్దంలో కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ ఈ గుడి కట్టించాడని ప్రతీతి. తరువాతి శతాబ్దాల్లో దానికి మరమ్మతులూ పునర్నిర్మాణమూ జరిగాయి. ఆ తేదీల వెనుక ఉన్న గణితం తేటగా కనిపిస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20కి సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు 23కి సుమారు పది రోజుల తరువాత సూర్యుడి క్రాంతి ఇంచుమించు ఒకటే: ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా నాలుగు డిగ్రీలు. అందుకే ఆ రెండు వేళల్లోనూ అరసవల్లికి సూర్యుడు పొడిచే చోటు ఒక్కటే, సరిగ్గా తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణాన. అయితే ఆ తేదీల్లో గుడికి వచ్చే భక్తులకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. మబ్బు పడితే ఆ ఏడాది కిరణదర్శనం లేనట్టే. అక్టోబరు మొదటి వారమంటే ఉత్తరాంధ్రలో నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే కాలం, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం. కిరణం వచ్చే దారిని ఎంత కచ్చితంగా కట్టినా, ఫలానా ఉదయం మబ్బు పడుతుందో లేదో ఏ స్థపతీ ముందుగా చెప్పలేడు.

పవన విద్యుత్తు, సౌర విద్యుత్తు, చిన్న జలవిద్యుత్తు, ఊకతో నడిచే విద్యుత్తు వంటి ప్రాజెక్టులు గిట్టుబాటవుతాయో లేదో తేల్చడానికి ఇవాళ వాడుతున్న సాఫ్ట్‌వేర్ చరిత్ర అంతా ఈ తేడాలోనే ఉంది. సూర్యుడు ఏ రోజు ఎక్కడ ఉంటాడన్నది సూత్రానికి లొంగుతుంది. మబ్బు, గాలి, వాన సూత్రానికి లొంగవు. ఏళ్ల తరబడి కొలిస్తేనే వాటి తీరు పట్టుబడుతుంది. ప్రాజెక్టు కట్టబోయే నేల ఎవరిది, ఆ నీళ్లు ఎవరికి ఆధారం అన్నది కొలతకూ లొంగదు. అక్కడ బతికేవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. మొదటి పనిని సాఫ్ట్‌వేర్ మనిషికన్నా బాగా చేస్తుంది. రెండోదాన్ని ఇతరులు కొలిచిన అంకెల మీద ఆధారపడి చేస్తుంది. మూడోదాన్ని తనంతట తాను చేయలేదు. కాబట్టి ఒక అంచనా నమ్మదగినదా అని తేల్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడారని అడిగితే చాలదు. అందులో వేసిన అంకెలు ఎక్కడివి, ఏ ఊహల మీద నిలిచాయి, వాటిని ఆ ఊరివాళ్లు చూసి ప్రశ్నించగలరా అని అడగాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల గతం ఈ మాటకు గట్టి సాక్ష్యం.

కొలత సంగతితో మొదలుపెడితే, ఈ తీరానికి చాలా ప్రాంతాలకు లేని వారసత్వం ఉంది. మద్రాసు నక్షత్రశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పాడు. ఆయన తరువాత దాని బాధ్యత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చేతికి వచ్చింది. నరసింగరావు గ్రహణాలనూ 1874 నాటి శుక్రసంక్రమణాన్నీ పరిశీలించడంతో ఆగలేదు. వాతావరణ పరిశీలనలను క్రమం తప్పకుండా నమోదు చేయించాడు. ఓడలవాళ్లు తమ గడియారాలు సరిచేసుకోవడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఎగరేసే కాలపతాకానికి వేళ చెప్పేదీ ఈ నక్షత్రశాలే. ఇందులో గమనించాల్సింది ఆ జమీందారీ కుటుంబపు ఔదార్యం మాత్రమే కాదు. ఒక్క రోజు కొలత ఎవరికీ పనికిరాదనీ, నలభై ఏళ్ల కొలత ఓడకూ రైతుకూ ప్రభుత్వానికీ పనికొస్తుందనీ వాళ్లకు తెలుసు. ఇవాళ సౌరవిద్యుత్ ప్రాజెక్టుకు అప్పిచ్చే బ్యాంకు కోరేదీ అదే: ఆ చోట ఎండ ఎంత పడుతుందో చెప్పే సుదీర్ఘమైన, తెగిపోని రికార్డు.

ఎండను ప్రత్యేకంగా కొలవడం తరువాతి దశ. మొదట్లో వాతావరణ కేంద్రాల్లో ఒక గాజుగోళం ఉండేది. సూర్యకాంతి దాని గుండా వెళ్లి వెనుకనున్న అట్టముక్కను కాల్చేది. కాలిన గీత పొడవును బట్టి ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో చెప్పేవారు. ఎండ కాసిన గంటలనుంచి నేలమీద పడిన శక్తిని అంచనా వేసే సూత్రాన్ని స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రోమ్ 1924లో ప్రతిపాదించాడు. మన దేశంలో సౌర వికిరణాన్ని నేరుగా కొలిచే కేంద్రాల వరస 1957లో, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా రూపుదిద్దుకుంది. దాని వెనుక ఉన్న మనిషి అన్నా మణి. కేరళలోని పీర్‌మేడులో పుట్టి, భారత వాతావరణ శాఖలో పనిచేసి, విదేశాల నుంచి తెప్పించుకునే కొలత సాధనాలను పుణెలోనే తయారు చేయించి, వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి ప్రమాణాలు నిర్ణయించిన శాస్త్రవేత్త ఆమె. 1980లో ఆమె వెలువరించిన భారత సౌర వికిరణ దత్తాంశ గ్రంథంలో దేశంలోని కొద్దిపాటి కేంద్రాల లెక్కలు ఉన్నాయి. వాటిలో విశాఖపట్నం ఒకటి. పదవీ విరమణ తరువాత బెంగళూరులో ఉండి గాలి వేగాల కొలతకు ఆమె నడిపిన పని దేశంలో పవన విద్యుత్తుకు పునాది వేసింది. తప్పుగా కొలవడం కన్నా కొలవకపోవడమే మేలని ఆమె తరం శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మారు. అందుకు కారణం ఉంది. గాలిలోని శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగాన్ని పది శాతం ఎక్కువ వేసుకుంటే శక్తి అంచనా ముప్పై మూడు శాతం ఎక్కువవుతుంది. కాగితం మీద లాభం చూపిన ప్రాజెక్టు నేల మీద దివాలా తీయడానికి అంతకన్నా పెద్ద తప్పు అక్కర్లేదు.

కొలతలు పుస్తకాల్లోకి ఎక్కినా, వాటితో ప్రాజెక్టును బేరీజు వేయడం చాలాకాలం కొద్దిమంది ఇంజనీర్ల చేతిపనిగానే ఉండింది. వాలుగా పెట్టిన పలక మీద నెలనెలా ఎంత ఎండ పడుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే ఉత్పత్తి ఎంత తగ్గుతుంది, పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగి వస్తుంది అన్నవన్నీ కాగితాల మీద చేసే లెక్కలు. 1980ల నుంచి ఈ లెక్కలు కంప్యూటర్ల మీదికి ఎక్కాయి. డెన్మార్క్‌లోని రీసో ప్రయోగశాల 1987లో గాలి వనరుల అంచనాకు వాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 1990ల తొలినాళ్లలో జెనీవా విశ్వవిద్యాలయంలో ఆంద్రే మెర్మూ సౌరవిద్యుత్ కోసం పీవీసిస్ట్ రూపొందించాడు. అదే దశకంలో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల, గ్రిడ్ చేరని పల్లెల్లో సౌరం, గాలి, డీజిల్, బ్యాటరీలను ఏ పాళ్లలో కలపాలో తేల్చే హోమర్‌ను తయారుచేసింది. వీటి మధ్య కెనడా ప్రభుత్వ సహజవనరుల శాఖ 1998లో విడుదల చేసిన రెట్‌స్క్రీన్ దారి కొంచెం వేరు. ఒక చిన్న ప్రాజెక్టుకు ప్రాథమిక అంచనా నివేదిక రాయించడానికే బోలెడు ఖర్చవుతోందనీ, ఆ ఖర్చుకు జడిసి మంచి ప్రాజెక్టులు కూడా మొదలవడం లేదనీ దాన్ని రూపొందించినవాళ్లు గుర్తించారు. అందుకే అందరికీ అలవాటైన ఎక్సెల్ పట్టికల్లో, ఉచితంగా అందుబాటులో పెట్టారు. తరువాత వచ్చిన నాలుగో కూర్పు ముప్పైకి పైగా భాషల్లో వెలువడింది. తెలుగు వాటిలో ఒకటి.

రెట్‌స్క్రీన్ పని తీరు తెలుసుకుంటే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ అర్థమవుతాయి. మొదట ఊరిని ఎంచుకోవాలి. ఆ చోటి ఎండ, గాలి, ఉష్ణోగ్రతల నెలసరి సగటులు దాని భాండాగారం నుంచి వస్తాయి. తరువాత ఇప్పుడు వాడుతున్న ఇంధనం ఏమిటో, దాని బదులు పెట్టదలచింది ఏమిటో పక్కపక్కన పెడుతుంది. ఆపైన ఖర్చు, తగ్గే కర్బన వాయువులు, రాబడి, చివరగా అంచనాలు తప్పితే ఏమవుతుందన్న పరీక్ష. ఉత్తరాంధ్ర తీరంలో చదరపు మీటరుకు రోజుకు సగటున ఇంచుమించు 5 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. ఏప్రిల్‌లో అది 6 దాటుతుంది, జులై, ఆగస్టుల్లో 4 చుట్టూ తిరుగుతుంది. ఆ అంకెతో ఒక కిలోవాటు ఇంటికప్పు పలకలు ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తాయని నిమిషాల్లో తేలుతుంది. 2024లో కేంద్రం ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఆ రాయితీ ఉంటే ఎన్నేళ్లకు పెట్టుబడి తిరిగొస్తుంది, లేకపోతే ఎన్నేళ్లకు అన్నది ఇంటి యజమానే పోల్చి చూసుకోవచ్చు. ఒకనాడు నెలల పని, లక్షల ఖర్చు అయిన లెక్క ఇలా సామాన్యుడి చేతికి రావడం చిన్న సంగతి కాదు. ఈ సాఫ్ట్‌వేర్ తరం చేసిన అసలైన మేలు ఇదే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు, ఆ లెక్క కొద్దిమంది గుప్పిట్లో ఉన్న రోజులను మరిచిపోతున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఉపగ్రహాలు భూమినంతా చూస్తున్నప్పుడు ఊరూరా కొలవాల్సిన పనేముంది? నాసా దత్తాంశంతో ఎక్కడికైనా లెక్క తెలుస్తుంది కదా? ఈ మాటలో నిజం ఉంది గాని పూర్తి నిజం లేదు. రెట్‌స్క్రీన్ పాత కూర్పులు ఆధారపడిన నాసా పటంలో ఒక్కో గడి అక్షాంశంలో ఒక డిగ్రీ, రేఖాంశంలో ఒక డిగ్రీ; అంటే దాదాపు 110 కిలోమీటర్ల పొడవు, వెడల్పు. శ్రీకాకుళం చుట్టూ అంత చతురస్రం గీస్తే అందులో బంగాళాఖాతమూ పడుతుంది, వంశధార మైదానమూ పడుతుంది, మన్యం కొండలూ పడతాయి. సముద్రం మీది ఆకాశాన్నీ కొండల మీది మబ్బునూ కలిపి ఇచ్చిన సగటు కొండల్లోని సీతంపేటకూ సరిపోదు, తీరాన ఉన్న భావనపాడుకూ సరిపోదు. తరువాతి పటాల్లో గడులు చాలా చిన్నవయ్యాయి. అయినా ఉపగ్రహం నేల మీద పడిన ఎండను నేరుగా కొలవదు. పైనుంచి మబ్బును చూసి కింద పడినదెంతో ఊహిస్తుంది. ఆ ఊహ సరైనదో కాదో సరిచూడాలంటే నేల మీద సాధనం ఉండాల్సిందే. అందుకే కేంద్ర ప్రభుత్వం 2011లో చెన్నైలోని పవనశక్తి సంస్థ ద్వారా దేశవ్యాప్తంగా 51 సౌర వికిరణ కేంద్రాలు పెట్టించింది. ఉపగ్రహాలు వచ్చాక నేల మీది కేంద్రాలకు గిరాకీ పెరిగిందే తప్ప తగ్గలేదు.

కొలతలు సరిగ్గా ఉన్నా ఊహలు తప్పితే లెక్క తప్పుతుంది. ఊకతో విద్యుత్తు ఈ పాఠాన్ని ఆంధ్రదేశానికి ఖరీదుగా నేర్పింది. 2000 తరువాతి ఏళ్లలో వరి పండే జిల్లాలన్నిటా ఊక, వ్యవసాయ వ్యర్థాలతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. వాటి అంచనా పట్టికల్లో ఊక దాదాపు ఉచితం, మిల్లర్లు వదిలించుకోవాలనుకునే వ్యర్థం. విద్యుత్ కేంద్రం కొనడం మొదలుపెట్టగానే ఊకకు ధర వచ్చింది. ఇటుక బట్టీలూ ఇతర బాయిలర్లూ పోటీ పడ్డాక అది ఇంకా పెరిగింది. ధర పెరగడానికి కారణం ప్రాజెక్టే అయినా, ఆ సంగతి ప్రాజెక్టు లెక్కలో లేదు. ఎన్నో కేంద్రాలు ఏడాదిలో కొద్ది నెలలే నడిచి మూతపడ్డాయి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల తొక్కను ఇంధనంగా వాడుకోవడం ఎప్పటినుంచో ఉంది. అక్కడి వ్యాపారులను అడిగి ఉంటే, పొయ్యిలోకి పనికొచ్చే వస్తువేదీ ఎక్కువ కాలం ఉచితంగా మిగలదని వాళ్లు ఒక్క మాటలో చెప్పేవారు. సాఫ్ట్‌వేర్‌లో ఇంధన ధర అని ఒక గడి ఉంటుంది. అందులో ఏ అంకె వేస్తే ఆ అంకెతోనే అది ఇరవై ఏళ్ల రాబడి చూపిస్తుంది. ఆ అంకె పదేళ్ల తరువాత ఎలా మారుతుందన్న తెలివి, గడి నింపేవాడికి ఉండాలి.

విద్యుత్ కొనుగోలు ధర కూడా ఇలాంటి గడే. ఇరవై ఐదేళ్లపాటు ఇంత ధర వస్తుందని ఒప్పందం చూపించి అప్పు తెచ్చుకున్న సౌర, పవన ప్రాజెక్టులకు 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత ధరలను సమీక్షిస్తామని చెప్పింది. ప్రాజెక్టులవాళ్లు కోర్టుకెళ్లారు. కేసు తేలేవరకు పవన విద్యుత్తుకు యూనిట్‌కు 2.43 రూపాయలు, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయలు చెల్లించే మధ్యంతర ఏర్పాటు జరిగింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందపు ధరలే చెల్లించాలని తీర్పిచ్చింది. పాత ధరలు ఎక్కువని ప్రభుత్వం అనడంలో న్యాయం ఎంత, ఒప్పందాన్ని నమ్మి పెట్టుబడి పెట్టినవాళ్ల వాదనలో న్యాయం ఎంత అన్న చర్చ వేరు. అంచనాల చరిత్ర రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. ఇరవై ఐదేళ్లకు స్థిరమని పట్టికలో వేసిన అంకె కొద్ది ఏళ్లలోనే కోర్టు మెట్లెక్కింది. ధర పది, ఇరవై శాతం తగ్గితే ఈ ప్రాజెక్టు ఏమవుతుందని చెప్పే పరీక్ష ప్రతి మంచి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ఆ పుటను నివేదిక చివర్లో దాచకుండా మొదట్లో పెట్టే అలవాటు మాత్రం మనకు ఇంకా రాలేదు.

తుపాను సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో తరాల నాటి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి; వేలాది విద్యుత్ స్తంభాలు ఒరిగిపోయి ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే గాలి లెక్క నెలసరి సగటు. సగటుకు ఆ ఒక్క రాత్రి సంగతి తెలియదు. ఉద్దానంలో ఇంటి మీద పలక బిగించే చట్రం ఎంత బలంగా ఉండాలి, బీమా ఎంత కట్టాలి, ఆ ఖర్చుతో కలిపి పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుంది అన్నవి తీరప్రాంతపు అంచనాలో మొదట రావాల్సిన ప్రశ్నలు. నరసింగరావు నాటి నుంచి ఈ తీరం తుపాన్ల రికార్డు రాసుకుంటూనే ఉంది. ఆ రికార్డును లెక్కలోకి తీసుకోని అంచనా, ఎంత అందమైన రేఖాచిత్రాలతో అచ్చయినా అసంపూర్ణమే.

ఇక మూడోది, నేలా మనుషులూ. ఉత్తరాంధ్రకు స్వచ్ఛమైన విద్యుత్తు పెద్ద ఎత్తున వచ్చింది మాచ్‌ఖండ్ నుంచి. ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర కట్టిన ఆ కేంద్రంలో 1955లో ఉత్పత్తి మొదలైంది. నది ప్రవాహాన్ని కొలిచారు, జలపాతం ఎత్తును కొలిచారు, విశాఖ పరిశ్రమలకు ఎంత విద్యుత్తు కావాలో లెక్కవేశారు. ఇంజనీరింగ్ లెక్క నిలిచింది. డెబ్బై ఏళ్లుగా ఆ కేంద్రం పనిచేస్తూనే ఉంది. కానీ జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న వేలాది కుటుంబాలకు, అందులో ఎక్కువమంది గిరిజనులకు, ఆ లెక్కలో చోటు దక్కలేదు. వాళ్లలో చాలామందికి పునరావాసమూ దక్కలేదు. బొగ్గుతో నడిచే కేంద్రాల విషయంలో ఇదే లోపం ఇంకా స్పష్టంగా బయటపడింది. సోంపేట దగ్గర 2,640 మెగావాట్ల కేంద్రానికి ఎంచుకున్న నేల కాగితాల మీద పనికిరాని భూమి. అక్కడివాళ్లకు అది బీల. పొలాలకు నీరిచ్చే, చేపలిచ్చే, పశువులకు మేతనిచ్చే చిత్తడి నేల. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని అదే రోజున రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ మరో థర్మల్ కేంద్రం విషయంలో కాల్పులు, మరణాలు. అక్కడా ప్రశ్న తంపర అనే చిత్తడి భూములదే. ఈ రెండు చోట్లా లోపించింది గణితం కాదు. బీలను బీడు అని రాసిన మొదటి వాక్యమే తప్పు. ఆ తరువాత ఎంత సరైన లెక్క కట్టినా అది తప్పు జవాబే ఇస్తుంది.

బొగ్గు కేంద్రాల కథ స్వచ్ఛ ఇంధనానికి ఎలా వర్తిస్తుందని కొందరు అడగవచ్చు. సౌర పలక పొగ వదలదు, బూడిద పోయదు. దాన్ని థర్మల్ కేంద్రంతో ఒకే గాటన కట్టడం అన్యాయమనవచ్చు. పొగ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. శ్రీకాకుళం తీరానికి సౌర, పవన విద్యుత్తు కావాలన్నదానిలో సందేహం లేదు. కానీ నేల విషయంలో తేడా తక్కువ. ఒక మెగావాటు సౌరవిద్యుత్తుకు నాలుగైదు ఎకరాలు కావాలి. సౌర, పవన ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి రావు. కాబట్టి వాటికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. ఇలాంటి చోట గ్రామస్థుల ముందుకు రావాల్సిన ఒకే ఒక పత్రం ఆ సాఫ్ట్‌వేర్ అంచనా. అది వాళ్ల ముందుకు రాదు. సౌర, పవన విద్యుత్తును దాచుకోవడానికి పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టి, కర్రివలస దగ్గర పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులకు 2022లో రాష్ట్రప్రభుత్వం కేటాయింపులు చేసింది. రాత్రికి అవసరమైన విద్యుత్తుకు ఇవి కావాలన్న ఇంజనీర్ల వాదనలో బలం ఉంది. తమ నీళ్లూ పోడు భూములూ ఏమవుతాయన్న గిరిజన గ్రామాల ప్రశ్నలో అంతకు తక్కువ బలం లేదు. ఈ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి చూడకపోతే మాచ్‌ఖండ్ నాటి తప్పు కొత్త పేరుతో మళ్లీ జరుగుతుంది. స్వచ్ఛమైన ఇంధనమన్న కారణంగా దాని లెక్కను ప్రశ్నించకుండా వదిలేస్తే, ఆ ఇంధనానికే కీడు చేసినవాళ్లమవుతాం. ఒక చోట మోసపోయిన ఊరు రేపు మంచి ప్రాజెక్టునూ నమ్మదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. పల్లెజనానికి రాబడి రేటు, సంభావ్యతల పట్టికలు ఏం అర్థమవుతాయి, వాళ్ల ముందు పెట్టి ప్రయోజనమేమిటి, ఆలస్యం తప్ప? కానీ సోంపేట బీల చిత్తడి నేల అన్న సంగతి ఆ జనానికి తెలుసు, నివేదిక రాసినవాళ్లకు తెలియలేదు. ఊక ధర పెరుగుతుందని మిల్లరుకు తెలుసు. తిత్లీ గాలి ఎంత బలంగా వీచిందో ఉద్దానం రైతుకు తెలుసు. లెక్కలోని సూత్రం వాళ్లకు రాకపోవచ్చు. లెక్కలో వేసిన అంకె సరైనదో కాదో చెప్పగలిగేది మాత్రం వాళ్లే. సూత్రం చదవగలిగేవాళ్లు కూడా దగ్గర్లోనే ఉన్నారు. ఎచ్చెర్లలో 2008 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. జిల్లాలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఒక ప్రాజెక్టు అంచనా ఫైలు బయట పెడితే, అక్కడి విద్యార్థులు ఆ ఊహలను మార్చి చూసి ఏ అంకె మీద ప్రాజెక్టు నిలుస్తుందో, ఏ అంకె మీద పడుతుందో వారం రోజుల్లో చెప్పగలరు. రెట్‌స్క్రీన్ కొత్త కూర్పులో ఫైలు దాచుకోవడానికి చందా కట్టాలి గాని, తెరిచి చూడడానికి డబ్బు అక్కర్లేదు. ఇక ఆలస్యం మాటకొస్తే, సోంపేట ప్రాజెక్టు ఆగిపోయింది ఊరివాళ్లతో ముందుగా మాట్లాడినందుకు కాదు, మాట్లాడకపోయినందుకు.

కాబట్టి ఈ ప్రాంతంలో ఏ స్వచ్ఛ ఇంధన ప్రాజెక్టుకైనా ప్రభుత్వం నాలుగు సంగతులు తప్పనిసరి చేయాలి. ప్రాజెక్టు అంచనా నివేదికతో పాటు దాన్ని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఫైలునూ అందరికీ అందుబాటులో పెట్టాలి. ఎండ, గాలి, నీటి అంకెల్లో ఏవి నేల మీద కొలిచినవో, ఏవి ఉపగ్రహం ఊహించినవో విడివిడిగా చూపాలి. ధర, ఇంధన ఖర్చు, తుపాను నష్టం మారితే రాబడి ఎలా మారుతుందో చెప్పే పట్టికను మొదటి పుటలోనే తెలుగులో పెట్టాలి. ఆ నేల ఇప్పుడు ఎవరికి ఎలా పనికొస్తోందో గ్రామసభలో రాయించి, దాన్ని అంచనాలో భాగం చేయాలి. వీటికి కొత్త శాస్త్రమేదీ కనిపెట్టాల్సిన పని లేదు. కొలిచేవాళ్లున్నారు, సాధనాలున్నాయి, సాఫ్ట్‌వేర్ తెలుగులోనూ వచ్చింది. సొంత ఖర్చుతో ఆకాశాన్ని కొలిచి ఆ లెక్కలను ఊరికి అప్పగించిన మనుషులు 1840లోనే ఇక్కడ ఉన్నారు. ప్రజల నేల మీద, ప్రజల ఎండతో, ప్రజల డబ్బుతో కట్టే ప్రాజెక్టు లెక్కను ఆ ప్రజలకు చూపమని అడగడం వాళ్లు మొదలుపెట్టిన పనిని కొనసాగించడమే.